ఇరవయ్యా, ఇరవై నాలుగా? యూనిసైకిల్ నేర్చుకునేవాళ్ళకి చక్రం కొలత చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి

బెంగళూరు రామ్మూర్తినగర్‌లో మేముండే అపార్ట్‌మెంట్‌లో సగం ఇళ్ళు తెలుగువాళ్ళవే. ఈ వేసవి సెలవుల్లో మా వాట్సాప్ గ్రూపులో మూడో అంతస్తు అక్క ఒంటిచక్రం బండి, అదే యూనిసైకిల్ గురించి ఒక ప్రశ్న పెట్టింది. వాళ్ళది చిత్తూరు. "మావాడు యూనిసైకిల్ కావాలని ఒకటే గొడవ. వాడితోపాటు నేనూ మా తమ్ముడూ కూడా నేర్చుకుందామనుకుంటున్నాం. చక్రం 20 అంగుళాలది తీసుకోవాలా, 24దా? ముగ్గురికీ ఒకటే సరిపోతుందా?"

సాయంత్రానికి పద్నాలుగు జవాబులొచ్చాయి. చిన్న చక్రమైతే పడినా దెబ్బ తగలదని ఒకరన్నారు. పెద్ద చక్రమే నిలకడగా ఉంటుందని ఇంకొకరు. సర్కస్‌లో అందరూ చిన్నవే తొక్కుతారు కదా అని ఒక బాబాయ్. ఎదిగే పిల్లాడికి ఒక సైజు పెద్దదే కొనాలి, చొక్కా కొన్నట్టు, అని ఇంకో పిన్ని. నాలుగేళ్ళ కింద ఇదే బేస్‌మెంటులో స్తంభాలు పట్టుకుని 24 అంగుళాల దాని మీద నేర్చుకున్నవాణ్ణి కాబట్టి చివరికి అందరూ నన్నే అడిగారు. ఆ పద్నాలుగింటిలో పూర్తిగా తప్పని తీసెయ్యాల్సినవి ఎక్కువ లేవు. అయితే క్రాంకు, అంటే పెడల్‌ని ఇరుసుకి కలిపే కడ్డీ, పొడవెంత అని ఒక్కరూ అడగలేదు. అది తెలియకుండా చక్రం కొలత ఒక్కటే చెబితే సగం సంగతే చెప్పినట్టు. ఈ వ్యాసం ఆ రెండో సగం గురించి.

సైకిల్ తొక్కిన అలవాటు ఇక్కడ ఎందుకు అక్కరకు రాదు

యూనిసైకిల్‌లో ఉండేవి చాలా తక్కువ. ఒక చక్రం, దాని మధ్యలో హబ్బు, హబ్బు ఇరుసుకి రెండు పక్కలా బిగించిన క్రాంకులు, వాటి చివర పెడళ్ళు. పైన చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే ఫోర్కు, సీటు రాడ్డు, సీటు. చైను లేదు, హ్యాండిల్ లేదు. అన్నిటికంటే ముఖ్యం, ఫ్రీవీల్ లేదు. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ సరిగ్గా ఒక చుట్టే తిరుగుతుంది. కాళ్ళు ఆపితే చక్రం ఆగుతుంది, వెనక్కి తొక్కితే వెనక్కి పోతుంది. సైకిల్ మీద లాగా తొక్కడం ఆపి కాసేపు జారుకుంటూ పోవడం ఇందులో కుదరదు.

మామూలు సైకిల్‌కి చక్రం సైజుకీ తొక్కడంలో పడే కష్టానికీ నేరుగా సంబంధం లేదు. మధ్యలో చైనూ పళ్ళచక్రాలూ ఉండి ఆ లెక్క అవి చూసుకుంటాయి. అందుకే "పెద్దవాళ్ళకి పెద్ద సైకిల్, చిన్నవాళ్ళకి చిన్నది" అనే లెక్క అక్కడ పనిచేస్తుంది. చైను రాకముందు ఆ వెసులుబాటు లేదు. 1870లు, 80లలో ఇంగ్లండులో తొక్కిన ఎత్తయిన సైకిళ్ళ బొమ్మలు చూసే ఉంటారు, ముందు చక్రం మనిషి ఛాతీ దాకా, వెనక చక్రం పళ్ళెమంత. పెడళ్ళు ముందు చక్రానికే ఉండేవి కాబట్టి వేగం కావాలంటే చక్రాన్నే పెంచాలి. ఎంత పెంచొచ్చో తొక్కేవాడి కాలి పొడవే తేల్చేది. 1885లో వెనక చక్రాన్ని చైనుతో తిప్పే రోవర్ సైకిల్ వచ్చాక సైకిలుకి ఆ ముడి వీడిపోయింది. యూనిసైకిల్ మాత్రం ఇప్పటికీ ఆ పాత పద్ధతిలోనే నడుస్తోంది. దాని చక్రమే దాని గేరు.

సుద్దముక్కతో ఒక కొలత

ఆ ఆదివారం అక్కనీ పిల్లాణ్ణీ బేస్‌మెంటుకి రమ్మన్నాను. నా 24 అంగుళాలది, ఎదురు బ్లాకులో ఒకబ్బాయి దగ్గర అరువు తెచ్చిన 20 అంగుళాలది పక్కపక్కన పెట్టాను. టైరు నేలకి ఆనిన చోట టైరు మీదొక గీత, నేల మీదొక గీత సుద్దతో గీశాం. పెడల్ ఒక చుట్టు తిరిగేదాకా పిల్లాడు మెల్లగా నడిపించాడు. టైరు మీది గీత మళ్ళీ నేలని తాకిన చోట ఇంకో గీత పెట్టి టేపుతో కొలిచాం. 20 అంగుళాలదానికి 158 సెంటీమీటర్లు వచ్చింది, 24దానికి 190. పిల్లాడు ఆ రెండు గీతల మధ్య కాళ్ళు చాపి పడుకుని, తను పెద్దదానికంటే పొట్టి, చిన్నదానికంటే కూడా పొట్టి అని తేల్చాడు.

సెకనుకి ఒక చుట్టు చొప్పున తొక్కితే 20 అంగుళాలది గంటకి 5.7 కిలోమీటర్లు పోతుంది, 24ది సుమారు 6.8. మొదటిది చురుకైన నడక వేగం. రెండోది నడకకీ పరుగుకీ మధ్య. అదే 36 అంగుళాల చక్రమైతే పది దాటుతుంది, అది పరుగే. పడబోయేటప్పుడు కాళ్ళ మీద దిగి నాలుగడుగులు వేసి నిలబడగలమా లేదా అన్నది ఈ అంకెల్లోనే ఉంది. నేర్చుకునే రోజుల్లో రోజుకి వంద సార్లు దిగుతాం కాబట్టి దీన్ని చిన్న విషయమనుకోకూడదు.

టైరు మీద రాసిన రెండో అంకె

"20 అంగుళాలు" అనే పేరు కచ్చితమైన కొలత కాదు. టైరు పక్కన చిన్న అక్షరాల్లో 50–406 అనో 37–451 అనో ఇంకో జత అంకెలుంటాయి. మొదటిది టైరు వెడల్పు, రెండోది టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. 406 కూడా 20 అంగుళాలే, 451 కూడా 20 అంగుళాలే. ఒకదాని టైరు ఇంకోదాని రిమ్ముకి ఎక్కదు. నేర్చుకునేవాళ్ళు వాడే 20 అంగుళాల యూనిసైకిల్‌ది 406, 24ది 507. లావు టైర్లున్న పిల్లల సైకిళ్ళకీ ఇవే కొలతలు ఉంటాయి కాబట్టి ట్యూబు చిరిగితే వీధి చివర సైకిల్ కొట్టులో దొరికేస్తుంది. "19 అంగుళాలు" అని అమ్మేవి గెంతులు వేసే ట్రయల్స్ రకం. రిమ్ము 387 మాత్రమే ఉన్నా టైరు బాగా లావు కాబట్టి బయటి కొలత మళ్ళీ 20 దగ్గరికే వస్తుంది. నేల మీద ఒక చుట్టుకి పోయే దూరంలో 19కీ 20కీ పెద్ద తేడా ఉండదు.

క్రాంకు: ఎవరూ అడగని కొలత

పానాకి పిడి ఎంత పొడుగుంటే మర తిప్పడం అంత తేలిక. క్రాంకూ అంతే. చక్రం వ్యాసార్థం ఒక పక్క, క్రాంకు పొడవు ఇంకో పక్క. ఈ రెండింటి నిష్పత్తే కాలికి తెలిసే బరువు.

అంకెల్లో చూద్దాం. 20 అంగుళాల చక్రం వ్యాసార్థం టైరుతో కలిపి 253 మిల్లీమీటర్లు. దానికి మామూలుగా వచ్చే క్రాంకు 125 మిల్లీమీటర్లది. నేల దగ్గర చక్రాన్ని ఒక కిలో బలంతో నెట్టాలంటే పెడల్ మీద 253ని 125తో భాగించినంత, అంటే రెండు కిలోలు నొక్కాలి. 24 అంగుళాల చక్రం వ్యాసార్థం 303. దానికి 150 క్రాంకు ఉంటే, అక్కడా సరిగ్గా రెండు కిలోలే. కాలికి తెలిసే బరువులో ఈ రెండూ ఒకటే. అదే 24కి 125 క్రాంకు బిగిస్తే 2.4 అవుతుంది. 20కి 100 క్రాంకు బిగిస్తే 2.5. అంటే పొట్టి క్రాంకున్న 20 అంగుళాల చక్రం, పొడుగు క్రాంకున్న 24 కంటే మొండిగా ఉంటుంది. ఆపాలన్నా కష్టమే, పడబోతూ సర్దుకోవాలన్నా కష్టమే. "నేను 20 మీద ప్రయత్నించాను, నావల్ల కాలేదు" అన్నవాళ్ళనీ, "24 మీద వారంలో వచ్చేసింది" అన్నవాళ్ళనీ పక్కపక్కన నిలబెట్టి క్రాంకులు కొలిస్తే చాలా తగాదాలు అక్కడే తీరిపోతాయి.

ఈ మాట పోటీల నియమాలు రాసినవాళ్ళకీ తెలుసు. అంతర్జాతీయ యూనిసైక్లింగ్ సమాఖ్య ట్రాక్ పందేలకి 24 తరగతిలో టైరు బయటి వ్యాసం 618 మిల్లీమీటర్లు మించకూడదంటుంది. అంతటితో ఆగదు, క్రాంకు 125కి తగ్గకూడదని కూడా అంటుంది. 20 తరగతికి ఆ జత 518, 100. చక్రం ఒక్కటే కట్టడి చేస్తే సరిపోదు కాబట్టే రెండూ రాశారు.

అయితే పొడుగు క్రాంకే మేలా అంటే అదీ కాదు. క్రాంకు పొడుగైన కొద్దీ పాదాలు పెద్ద వలయంలో తిరగాలి. మోకాళ్ళు ఎక్కువగా లేస్తాయి, నడుము కుడికీ ఎడమకీ ఊగుతుంది, ఆ ఊపుకి చక్రం పాములా మెలికలు తిరుగుతుంది. పొట్టి క్రాంకుతో తొక్కుడు నున్నగా, గుండ్రంగా ఉంటుంది కానీ తప్పు జరిగినప్పుడు సర్దుకోవడానికి పట్టు దొరకదు. నేర్చుకునేటప్పుడు మనకి ముఖ్యంగా కావాల్సింది ఆ సర్దుకునే పట్టే.

క్రాంకుల మాట వచ్చింది కాబట్టి నాకు జరిగిన నష్టం ఒకటి చెప్పాలి. నా మొదటి బండిని బిగించి ఇచ్చిన కొట్టులో సీటుకి ముందువైపేదో చూసుకోకుండా చక్రాన్ని తిప్పి పెట్టారు. కుడి క్రాంకు ఎడమ కాలి కిందికి వచ్చింది. ఎడమ పెడల్ మరలు మామూలు మరలకి వ్యతిరేకంగా తిరిగి ఉంటాయి, తొక్కుతుంటే వదులు కాకుండా ఉండాలని. వైపులు తారుమారైతే ప్రతి తొక్కుకీ కొంచెం కొంచెం వదులవుతుంది. మూడో వారం పెడల్ ఊడి చేతికొచ్చింది, అప్పటికే క్రాంకులోని మరలు అరిగిపోయాయి. క్రాంకుల మీదా పెడళ్ళ మీదా ఎడమ, కుడి అని గుర్తులుంటాయి. ఎక్కి కూర్చున్నప్పుడు అవి మన ఎడమకీ కుడికీ సరిపోవాలి.

ఎత్తు గురించిన భయం ఎంత నిజం

అరచేతిలో పెన్సిలు నిలబెట్టి చూడండి, క్షణంలో పడిపోతుంది. అదే పొడుగు వెదురుకర్రని నిలబెట్టి చెయ్యి అటూ ఇటూ జరుపుతూ చాలాసేపు ఆపొచ్చు. పొడుగుది నెమ్మదిగా వాలుతుంది, మనకి సర్దే సమయమిస్తుంది. యూనిసైకిల్ మీద మనిషి ఆ కర్ర, చక్రం ఆ అరచెయ్యి. ఒళ్ళు ఎటు వాలితే చక్రాన్ని అటు తొక్కి కిందికి తెచ్చుకోవాలి. పెద్ద చక్రం మేలనేవాళ్ళు ఈ ఉదాహరణ చెబుతారు. పెద్ద చక్రమైతే ఎత్తు నుంచి పడతామని చిన్న చక్రంవాళ్ళు భయపెడతారు.

రెండు వాదాలకీ ఎత్తులో ఉన్న తేడా ఎంతో లెక్క కట్టి చూద్దాం. సీటు ఎక్కడుండాలో తేల్చేది కాలు. మడమ కింది పెడల్ మీద పెడితే మోకాలు దాదాపు నిటారుగా రావాలి. కాబట్టి నేల నుంచి సీటు ఎత్తు అంటే కింది పెడల్ ఎత్తుకి కాలి పొడవు కలిపినంత. 20కి 125 క్రాంకుతో కింది పెడల్ నేలకి 12.8 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. 24కి 150 క్రాంకుతో 15.3. తేడా రెండున్నర సెంటీమీటర్లు, రెండు వేళ్ళ మందం కూడా లేదు. 125 క్రాంకుతో అయినా తేడా ఐదే. దీనివల్ల మనిషి నెమ్మదిగా పడడమూ ఉండదు, ఎక్కువ ఎత్తు నుంచి పడడమూ ఉండదు. నిజంగా ఎత్తయినవి చైనుతో నడిచే జిరాఫీ రకం యూనిసైకిళ్ళు. వాటిలోనూ చాలావాటికి చక్రం 20 అంగుళాలే. ఎత్తు వేరు, చక్రం వేరు.

మరి అసలు తేడా ఎక్కడుంది

పెడళ్ళు ఒకటి పైకీ ఒకటి కిందికీ నిలువుగా నిలిచే చచ్చుచోటు ఒకటుంది. అక్కడ ఎంత బలంగా తొక్కినా చక్రం కదలదు. కొత్తవాళ్ళు ఆగిపోయి పడేది ఎక్కువగా ఇక్కడే. ప్రతి చుట్టులో ఇది రెండుసార్లు వస్తుంది. 20 అంగుళాల చక్రం మీద 79 సెంటీమీటర్లకి ఒకసారి, 24 మీద 95కి ఒకసారి.

20ని సమర్థించేవాళ్ళ మాట ఇక్కడ బలమైనది. చక్రం తేలిక, తిప్పడం త్వరగా మొదలవుతుంది, త్వరగా ఆగుతుంది. పావు చుట్టు తప్పు తొక్కితే 40 సెంటీమీటర్లే ముందుకో వెనక్కో పోతాం, 24 మీద 48. నిలిచిన చోటే ముందుకీ వెనక్కీ ఊగడం, వెనక్కి తొక్కడం, చిన్న మలుపులు, తర్వాత నేర్చుకునే విద్యలన్నీ దీని మీద సులువు. జపాన్‌లో ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలు ఆటస్థలంలో యూనిసైకిళ్ళు తొక్కడం మామూలు విషయం, అవి ఎక్కువగా 20, అంతకంటే చిన్న చక్రాలే. ఇది నేరుగా మనకి వర్తించదు, ఎందుకంటే వాళ్ళు చిన్నపిల్లలు, వాళ్ళ కాళ్ళకి అవే సరిపోతాయి. అయినా నున్నటి నేలా చిన్న చక్రమూ కలిస్తే ఎంతమందికి పట్టుబడుతుందో తెలుస్తుంది.

24ని సమర్థించేవాళ్ళు చెప్పేది, 20 మరీ తొందరపడుతుందని. కాలు కొంచెం అదిరినా చక్రం అదురుతుంది. బరువైన చక్రానికి ఉండే ఊపు ఆ చచ్చుచోటుని దాటించేస్తుంది. పైగా నేల మంచిది కానప్పుడు పెద్ద చక్రం చాలా క్షమిస్తుంది. రెండు సెంటీమీటర్ల ఎత్తున్న ఒక గట్టు ఎక్కాలనుకోండి. ఆగిన స్థితి నుంచి లెక్కేస్తే, 60 కిలోల మనిషి 20 అంగుళాల చక్రాన్ని దాని మీదికి ఎక్కించాలంటే ఇరుసు దగ్గర అడ్డంగా సుమారు 25 కిలోల తోపు కావాలి. 24కి 23, 36కి 18. హ్యాండిల్ లేని బండి మీద, ముందుకి విసిరేసేది ఆ తేడాయే.

నా అభిప్రాయమడిగితే, నున్నటి నేల దొరికే పెద్దవాళ్ళకి 20కి కొంచెం మొగ్గు ఉంది. కొంచెమే. నేను 24 మీద నేర్చుకున్నందుకు ఎప్పుడూ బాధపడలేదు. నా క్రాంకులు 150 కావడం నా అదృష్టమని మాత్రం తర్వాత తెలిసింది.

నేల

బెంగళూరులో ఇది చక్రంతో సమానమైన సంగతి. మా బేస్‌మెంటులో నున్నగా మెరిపించిన కాంక్రీటు నేల ఉంది, పట్టుకోవడానికి స్తంభాలున్నాయి, జూన్ నుంచి అక్టోబరు దాకా వాన పడినా ఆగక్కర్లేదు. అక్కడ 20కి ఏ లోటూ లేదు. అదే బయట ఇంటర్‌లాక్ టైల్స్ మీద తొక్కితే ప్రతి సందూ 20 అంగుళాల చక్రానికి తెలుస్తుంది, కంకర రాయి తగిలితే అక్కడికక్కడే ఆగుతుంది. ఆదివారాలు కబ్బన్ పార్కులో బళ్ళు రానివ్వరు కాబట్టి చాలామంది అక్కడికి పోతారు. చెట్ల వేళ్ళు లేపిన తారు మీద, రాలిన కాయల మీద 24 హాయిగా ఉంటుంది. ఇక మన వీధుల్లో స్పీడ్ బ్రేకర్లంటారా, నేర్చుకునేవాళ్ళకి ఏ చక్రమూ సరిపోదు.

ముగ్గురు మనుషులు, మూడు లెక్కలు

ఇప్పుడు అక్కావాళ్ళ సంగతి. ముగ్గురినీ గోడకి ఆనించి చెప్పుల్లేకుండా నిలబెట్టి కాళ్ళ సందు నుంచి నేల దాకా కొలిచాం. పిల్లాడికి ఎనిమిదేళ్ళు, 54 సెంటీమీటర్లు. అక్కకి 72. తమ్ముడు ఆరడుగులవాడు, 84.

సీటుని ఎంత కిందికి దించినా టైరు అడ్డొస్తుంది. కింది పెడల్ నుంచి టైరు పైదాకా దూరమంటే క్రాంకుకి వ్యాసార్థం కలిపినంత. దాని పైన ఫోర్కు భుజం, సీటు రాడ్డు, సీటు మందం కలిపి మా దగ్గరున్న రెండు బళ్ళలో 17 నుంచి 19 దాకా ఉన్నాయి. 18 అనుకుందాం. 20కి 125 క్రాంకుతో కనీసం 56 సెంటీమీటర్ల కాలు కావాలి. పిల్లాడికి రెండు సెంటీమీటర్లు తక్కువ. వినడానికి రెండే, కానీ ప్రతి చుట్టులో కింది పెడల్ పాదం నుంచి జారిపోతుంది. 16 అంగుళాల చక్రానికి 89 క్రాంకుతో 47 చాలు. చొక్కా లెక్క ఇక్కడ నడవదు. ఒక సైజు పెద్దది కొంటే పిల్లాడు ఎదిగేదాకా బండి గోడకే ఉంటుంది. 20కే 100 క్రాంకు బిగిస్తే 53న్నరకి దిగుతుంది కదా అని తమ్ముడు అడిగాడు. నిజమే, సరిపోతుంది. కానీ పెడల్ మీద బరువు రెండు నుంచి రెండున్నరకి పెరుగుతుంది, తొక్కేది ఇరవై నాలుగు కిలోల పిల్లాడు.

అక్కకి 20 సరిపోతుంది, 24కి 150 క్రాంకుతో కావాల్సింది 63 కాబట్టి అదీ సరిపోతుంది. తమ్ముడి చిక్కు తిరగబడింది. 20 మీద అతనికి సీటు టైరు పైనుంచి 46 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. బండితో వచ్చే సీటు రాడ్డు అంత ఎత్తుకి చాలదు. రాడ్డు మీద ఇంతకంటే పైకి లాగొద్దని ఒక గీత ఉంటుంది, దాన్ని దాటిస్తే ఒక కుదుపుకి ఫోర్కు గొట్టం చీలొచ్చు. పొడుగు రాడ్డు విడిగా కొనాలి, దాని లావు గొట్టానికి సరిపోవాలి. ఆ లావుల్లోనూ 22.2, 25.4, 27.2 అని రకాలున్నాయి. 24 అయితే ఆ చిక్కు చాలావరకు తగ్గుతుంది.

ముగ్గురికీ ఒకటే సరిపోతుందా అన్న ప్రశ్నకి అక్కడే జవాబు దొరికింది. పిల్లాడికి వేరు. అక్కకీ తమ్ముడికీ ఒకటి చాలు, సీటు మార్చుకుంటూ ఉంటే. అదేదో తేల్చడానికి వాళ్ళెక్కడ తొక్కుతారో అడిగాను. కబ్బన్ పార్కన్నారు.

పెద్ద చక్రాల వైపు

26, 29 మీదే నేరుగా మొదలుపెట్టే పెద్దవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి విద్యలు కాదు, దూరం కావాలి. కుదరనిదేమీ కాదు, కాకపోతే పట్టుకోకుండా ఎక్కడం నేర్చుకోవడమే పెద్ద పని అవుతుంది. 36 దగ్గర సంగతే మారిపోతుంది. 150 క్రాంకుతో కూడా పెడల్ మీద బరువు మూడు కిలోలకి చేరుతుంది, ఒకసారి కదిలాక ఆపడమూ అంత కష్టమే. ఇంగ్లండుకి చెందిన ఎడ్ ప్రాట్ 2015లో బయల్దేరి 2018 దాకా ప్రపంచాన్ని చుట్టి వచ్చింది ఇలాంటి 36 అంగుళాల చక్రం మీదే. వేగం కోసం చక్రం పెంచక్కర్లేకుండా హబ్బులోనే రెండు గేర్లు పెట్టిన రకాలూ ఉన్నాయి, బాగా ఖరీదు.

అక్కావాళ్ళు పిల్లాడికి 16, తమకి 24 తీసుకున్నారు. 24కి క్రాంకులు 150, వాటికి 125 దగ్గర ఇంకో రంధ్రం కూడా ఉన్న రకం. రెండు నెలలైంది. పిల్లాడు లిఫ్టు దగ్గర్నుంచి జనరేటరు గది దాకా పట్టుకోకుండా పోతున్నాడు. అక్క కబ్బన్ పార్కులో యాభై మీటర్లు దాటింది. మొన్న సాయంత్రం పానా అడగడానికి వచ్చింది. నడుము ఎక్కువ ఊగుతోందట, పెడళ్ళని లోపలి రంధ్రాలకి మార్చి చూస్తానంది. ఎడమది ఎటు తిప్పితే వదులవుతుందో చెప్పి పానా ఇచ్చాను.